ముగ్గుల పేజీలోంచి వచ్చిన నింద

పొద్దున కంప్యూటర్ ఆన్ చేయగానే వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. ఈ వాసన తగిలితే చాలు, మేరీ సులోచన టీచర్ గారు స్క్రూడ్రైవర్ తీసుకుని పైకి వచ్చేసేవారు. మొగల్రాజపురంలో మా కింది వాటాలో ఉండేవారు, లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యారు, బళ్లో కంప్యూటర్లూ ఆమే చూసుకునేవారట. నాకు లెక్కలు ఆమె నేర్పలేదు, అవి నేను సొంతంగా నేర్చుకున్నవే. కోపం ఎవరి మీద రావాలో మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

అప్పట్లో ఇంట్లోనే కూర్చుని హనుమాన్ జంక్షన్‌లోని ఎరువుల కొట్లకు కంప్యూటర్‌లో పద్దులు రాసేదాన్ని. నాదంటూ ఉన్న పని అదొక్కటే. ఒకరోజు తెరమీద అసభ్యమైన బొమ్మలు వాటంతటవే తెరుచుకోసాగాయి. ఒకటి మూస్తే ఇంకొకటి. ఆ కంప్యూటర్ అమ్మిన షాపతన్నే పిలిపించాం. మా ఆయన, బావగారు పక్కనే ఉండగా అతను నావైపు చూసి చిన్నగా నవ్వాడు.

"ఏం చూశారండీ మేడం? ట్రోజన్ వైరస్ ఎక్కేసింది. ఊరికే రావండీ ఇలాంటివి."

"ముగ్గులు చూశాను."

"ముగ్గుల్లోంచి ఇవొచ్చాయా?" అన్నారు బావగారు. "ఇంట్లో ఆడాళ్లకి నెట్టెందుకురా తమ్ముడూ, తీసేయించు."

మా ఆయన నా మొహం చూడకుండానే, "అమ్మేద్దాంలే అన్నయ్యా" అన్నారు.

కరివేపాకు ఇవ్వడానికి వచ్చిన టీచర్ గారు గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నారు. కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చుని కాసేపు చూశారు.

"అప్‌డేట్లు ఎవరు ఆపారు బాబూ?"

"నేనేనండీ. సిస్టం సాఫ్ట్‌వేర్ ఒరిజినల్ కాదు గదండీ, అప్‌డేట్ చేస్తే గోల పెడతది."

"ఆ సంగతి వీళ్లకి చెప్పావా?"

అతను తన సంచి సర్దుకోసాగాడు.

"బ్రౌజర్‌లో కన్నం ఉంటే ముగ్గుల పేజీ తెరిచినా చాలు, దొంగ ప్రోగ్రాం దూరుద్ది. ఆ కన్నం పూడ్చే అప్‌డేట్లు నువ్వు ఆపేసి, నలుగుర్లో ఈ అమ్మాయినా అడిగేది, ఏం చూశావని?"

"మాకేం తెలుసండీ ఇవన్నీ" అన్నారు బావగారు.

"తెలీనప్పుడు నవ్వకూడదండీ. గడి లేకుండా తలుపు బిగించిన వడ్రంగిని వదిలేసి ఇల్లాలి నడవడి ఆరా తీస్తారా?"

కంప్యూటర్ అమ్మలేదు. నా పని నిలబడింది. టీచర్ గారు దగ్గరుండి అంతా చెరిపించి, అసలైన సిస్టం వేయించారు. అప్‌డేట్లు వాటంతటవే వచ్చేలా పెట్టించారు. రోజువారీ పనికి వేరే ఖాతా తెరిపించారు. అందులో పాస్‌వర్డ్ లేకుండా కొత్త ప్రోగ్రాం ఏదీ ఎక్కదు. "ఆ పాస్‌వర్డ్ మీ ఆయనక్కూడా చెప్పకు" అన్నారు, ఆయన వింటుండగానే. ఆయన నవ్వారు. కానీ నన్ను అనుమానించాననీ అనలేదు, లేదనీ అనలేదు. ఆ లెక్క ఇప్పటికీ తేలలేదు.

టీచర్ గారు పోయారు. ఆమె చేస్తుంటే చూసి నేర్చుకున్నానని, ఇప్పుడు చుట్టుపక్కల ఆడవాళ్లు పాడైన లాప్‌టాప్‌లు నా దగ్గరికి తెస్తారు. గుమ్మం దాటకముందే గొంతు తగ్గించి, "నేనేం చూళ్లేదండీ" అంటారు. అడగకముందే సంజాయిషీ చెప్పుకోవడం వీళ్లకు ఎవరు అలవాటు చేశారో తలచుకుంటే ఒళ్లు మండిపోతుంది. బ్రౌజర్ సంగతి తర్వాత చూస్తాను. ముందు, "నేను అడగలేదుగా అమ్మా" అంటాను.