కోట వాకిట్లో కొత్త కోడలు

2022 వేసవి. కార్వేటినగరం దాటి కొండల వైపు పోతే ఒక పాత రాతికోట వస్తుంది. విజయనగర రాజుల కాలంలో ఒక పాలెగాడు కట్టించాడంటారు. బురుజులు సగం కూలాయి, మహలు ఉన్నచోట కంపచెట్లు మొలిచాయి. కానీ ప్రాకారం లోపల ఇప్పటికీ ఒక పల్లె కళకళలాడుతూ ఉంది. పాత కట్టడాలు బాగుచేసే ఇంజినీరునైన నన్ను ఆ కోట ద్వారం మరమ్మతుకు పంపారు.

ద్వారం పైన అడ్డంగా ఉండే రాతి దూలాన్ని లింటెల్ అంటాం. అది మధ్యలో చీలింది. కింద ప్రాప్‌లు, అంటే బరువు మోసే ఇనుప ఊతకంబాలు నిలబెట్టి, దారి మూయించాను. చీలిక మీద అడ్డంగా ఒక సన్నని గాజుముక్క అంటించాను. దాని పేరు టెల్‌టేల్. రాయి వెంట్రుకవాసి కదిలినా అది పగిలి మాకు చెప్పేస్తుంది. అప్పటినుంచి ఊరివాళ్లూ నేనూ గోడ కూలిన సందులోంచే తిరుగుతున్నాం.

ఒక ఉదయం మునెమ్మ అనే పెద్దావిడ పరంజా కింద నిలబడి కేకేసింది. ఆమె కొడుక్కి పెళ్లి కుదిరింది.

“ఇంజినీరమ్మా, కిందికి దిగు. మా కోడలు ఊళ్లోకి ఎట్ల రావల్ల?”

“అందరూ వచ్చే సందులోంచే రావచ్చు కదమ్మా.”

“అది మేకలు పొయ్యే దోవ! కొత్త కోడలు కోట వాకిట్లోనే కుడికాలు పెట్టల్ల. మా అత్త అట్లే వచ్చింది, నేనూ అట్లే వచ్చినా. సందులో దూరి వచ్చినామెను ఈడ ఎవురూ కోడలనరు.”

పెళ్లి వాయిదా వేసుకోమనే మాట నోటిదాకా వచ్చింది. ఆవిడ ముఖం చూసి మింగేశాను. గాజు పగల్లేదు, బరువంతా ప్రాప్‌ల మీదే ఉంది. మనుషులు నడిస్తే ఏమీ కాదు. నా భయమంతా అదురు గురించే. పైఅధికారితో మాట్లాడి, మరికొన్ని ప్రాప్‌లు పెట్టించి, ఆ ఒక్కరోజుకు దారి తెరవడానికి ఒప్పుకుని షరతులు చెప్పాను. ట్రాక్టరు రాకూడదు, టపాకాయలు కాల్చకూడదు, పలకలనే డప్పులు మోగకూడదు, ఒకరి వెనక ఒకరే నడవాలి.

పలకలు వాయించే కుప్పయ్య లబోదిబోమన్నాడు. “పలకలు లేకుండా పెండ్లేందమ్మా!”

“నువ్వు గమ్మున రా కుప్పయ్యా,” అంది మునెమ్మ. “రచ్చబండ కాడికి పోయినాక సెవులు పగిలేటట్టు కొట్టుదువు.”

పెళ్లిరోజు రానే వచ్చింది. ఈ వీధిలో నిలబడి ఆ వీధివాళ్లతో కబుర్లు చెప్పే ఊరు, ఆ పొద్దు ఊపిరి బిగబట్టి నడిచింది. కుప్పయ్య పలకను చంటిబిడ్డలా గుండెకు హత్తుకున్నాడు. పెళ్లికూతురు దేవి పట్టీలు విప్పి చేత్తో పట్టుకుంది. పట్టీలకేమీ కాదని నేనన్నా వినిపించుకోలేదు. మునెమ్మ ఆమె పాదాల మీద పసుపునీళ్లు పోసింది. దేవి నవ్వాపుకుంటూ కుడికాలు లోపల పెట్టింది. ఆమె మేనమామకు తుమ్ము రాబోతే, తువ్వాలు నోట్లో కుక్కుకుని ద్వారానికి దూరంగా పరుగెత్తి మరీ తుమ్మాడు. ఆ తుమ్ముకు ఊరంతా ఒక్కసారి పగలబడి నవ్వింది.

నేను నిచ్చెనెక్కి చూశాను. గాజు చెక్కుచెదరలేదు.

“పగల్లేదు!” అని పైనుంచే అరిచాను. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు. జనం రచ్చబండ వైపు పరుగు తీశారు. కాసేపటికి కుప్పయ్య పలక అందుకున్నాడు.

నేను దిగి, అలవాటుగా సందు వైపు నడవబోతుంటే మునెమ్మ అడ్డం వచ్చింది.

“యాడికి పోతాండావు? ఇన్ని దినాలు ఈ వాకిలి నెత్తినెక్కి కూసున్న్యావే, ఒక్కసారన్నా దీంట్లోనించి వచ్చినావా? రా, నువ్వు మాత్రం మేకవా?”

చెంబులో మిగిలిన పసుపునీళ్లు నా కాళ్ల మీద పోసి, చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. నాకు నవ్వూ కన్నీళ్లూ కలిసి వచ్చాయి.

అంతవరకూ ద్వారమంటే నాకు ఎత్తు, వెడల్పు, బరువు. ఇప్పుడు ఏ పాత కట్టడానికి పోయినా, పరంజా కట్టకముందే ఇందులోంచి ఎవరెవరు ఏయే శుభకార్యాలకు నడుస్తారో ఊరివాళ్లను అడిగి తెలుసుకుంటాను. ఆ లింటెల్ పని ఎప్పుడో పూర్తయింది. నేను మాత్రం ఏటా ఆ ఊరికి పోతూనే ఉన్నాను. నన్ను చూడగానే మునెమ్మ లోపలికి కేకేస్తుంది. “దేవీ, నీ తోడికోడలు వచ్చింది, అన్నం పెట్టు!”