కప్ప పొట్ట రంగు

2008లో నేను అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక పాయిజన్ సెంటర్‌లో ఫార్మసిస్టుగా పనిచేసేదాన్ని. తినకూడనిది మింగినా, ముట్టకూడనిది ముట్టుకున్నా జనం మాకు ఫోన్ చేస్తారు. మనుషులు మాకు కనిపించరు. గొంతు విని, నాలుగు ప్రశ్నలడిగి, ఇంట్లోనే ఉండొచ్చో ఆసుపత్రికి పరిగెత్తాలో చెప్పాలి. అవతలివాళ్లు ఎంత కంగారుపడినా మేం పడకూడదు.

ఒక మధ్యాహ్నం షామ్‌బర్గ్ అనే ఊరి నుంచి ఒకామె చేసింది. నా పేరు వినగానే ఇంగ్లిష్ వదిలేసింది.

"మీరు తెలుగా అండీ? మా బాబుకి రెండేళ్లు. కప్పని నోట్లో పెట్టేసుకున్నాడు. మా ఆయన ఆఫీస్‌లో ఫోన్ లిఫ్ట్ చేయట్లేదు."

ఆమె పేరు సునీత. పక్కింటివాళ్లు వెకేషన్‌కి వెళ్తూ తమ పెంపుడు కప్పను గాజుపెట్టెతో సహా వీళ్లకు అప్పగించారట. యూరప్ కప్ప అని చెప్పారు గానీ దాని పేరు ఆమెకు గుర్తులేదు.

"రంగు చెప్పండి."

"బురద రంగండీ. ఇంటర్నెట్‌లో విషం కప్పలన్నీ ఎర్రగా, నీలంగా ఉన్నాయి. ఇది అలా లేదు. అంటే ఏం కాదు కదా?"

నాకు గుబులు పుట్టింది. ఇక్కడ కొందరు పెంచుకునే పెద్ద ఎడారి కప్పదీ బురద రంగే. దాని చర్మంలోని విషం చిన్నపిల్లల గుండెను ఆపగలదు. యూరప్ అన్న మాటను ఎంతవరకు నమ్మాలి? అమ్మేవాడు ఏమైనా చెబుతాడు. ఎడారి కప్ప పొట్ట తెల్లగా ఉంటుంది కాబట్టి, తేలాలంటే పొట్ట చూడాలి.

"దాన్ని వెల్లకిలా తిప్పండి."

"అమ్మో, నావల్ల కాదండీ. నాకు బల్లంటేనే భయం."

"అట్లకాడతో తిప్పండి. చూడకపోతే నేనేం చెప్పలేను."

అట్లకాడ గాజుకు తగిలిన చప్పుడు వినిపించింది. తర్వాత కేక.

"పొట్టంతా నలుపు! మధ్యలో ఎర్రెర్రగా మచ్చలు! చచ్చిపోతాడా అండీ?"

"వేళ్ల చివర్లు పసుపుగా ఉన్నాయా?"

"లేవు, నల్లగానే ఉన్నాయి."

అవతల ఆమె ఏడుస్తుంటే ఇవతల నాకు ప్రాణం లేచొచ్చింది. పసుపు పొట్ట, పసుపు వేళ్లయితే ఒక జాతి. నలుపు మీద ఎరుపయితే దాని దగ్గరి చుట్టం, ఫైర్ బెల్లీడ్ టోడ్, అంటే నిప్పుపొట్ట కప్ప. రెండూ యూరప్‌వే. ఆ ఎరుపు ఎక్కువగా బెదిరించడానికే. నోరు మండి, జొల్లు కారుతుంది, నోరు కడిగితే సర్దుకుంటుంది. ఆమెకు అదే చెప్పి, బాబు ఏం చేస్తున్నాడని అడిగాను.

"పడుకున్నాడు. లేపినా సరిగ్గా కళ్లు తెరవట్లేదు. ఇందాకటిదాకా నీళ్లు నీళ్లని ఒకటే ఏడుపు."

ఆ కప్ప వల్ల అంత మత్తు రాదు, దాహమూ వేయదు. మావైపు పిల్లలు ఏదైనా మింగితే పెద్దవాళ్లు మొదట చేసే పని గుర్తొచ్చింది.

"సునీత గారూ, కక్కించడానికి ఏమైనా పట్టారా?"

ఆమె వెంటనే మాట్లాడలేదు.

"పక్క బిల్డింగ్ ఆంటీ చెప్పారు. గ్లాసు నీళ్లలో ఉప్పు, రెండు పెద్ద స్పూన్లు. కక్కలేదండీ. అందుకే ఇంకోసారి పట్టాను."

అంత ఉప్పు పసివాడి రక్తంలో చేరితే సోడియం పెరిగి మెదడు దెబ్బతింటుంది. ప్రాణమే పోవచ్చు. అంబులెన్స్ కోసం 911ని లైన్‌లో కలుపుతానన్నాను.

"వద్దండీ, పోలీసులొస్తారు. నేనే చేశానని తెలిస్తే బాబుని తీసుకెళ్లిపోతారు."

"ముందు వాడు బతకాలి కదమ్మా!" అని అరిచాను. ఆ సీట్లో కూర్చుని ఎప్పుడూ అరవలేదు.

ఆమె ఏడుస్తూనే అడ్రస్ చెప్పింది. అంబులెన్స్ ఆసుపత్రికి చేరేలోపు అక్కడికి ఫోన్ చేసి, కప్ప సంగతి వదిలేసి ముందు సోడియం చూడమన్నాను. దారిలోనే బాబుకు ఫిట్స్ వచ్చాయి. పెరిగిన సోడియాన్ని మెల్లగా దించాలి, తొందరపడితే మెదడు వాస్తుంది. డ్యూటీ అయిపోయినా ఇంటికి వెళ్లలేకపోయాను. ఫోన్ మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం.

రెండు రోజుల తర్వాత సునీతే చేసింది. బాబు కళ్లు తెరిచి అన్నం అడిగాడట. అది చెప్పి, "నేనే పట్టానండీ, నా చేత్తోనే" అంటూ ఏడ్చింది. "భయంతో పట్టారు" అన్నాను.

ఆ కేసు తర్వాత నా మొదటి ప్రశ్న మారింది. బిడ్డ ఏం మింగాడన్నది తర్వాత. మీరేం పట్టారు అని ముందు అడుగుతాను. చాలామంది తల్లులు ఆ ప్రశ్నకు కాసేపు మాట్లాడరు. అంతసేపూ నాకు ఇప్పటికీ ఊపిరాడదు.