మేడ మీద ఉన్ని దండెం

సోలార్ పెట్టిద్దామని ఇంట్లో పోరు పెట్టింది నేనే. ఈ రోజు ఒక్క ప్యానెల్ వద్దనేసరికి, “నీకు దేని మీదా నిలకడ లేదు” అనేశారు నాన్న.

బిగించడానికి వచ్చినతను మేడ మూలనున్న వెదురు దండెం చూపించి, “దీని నీడ ఒక ప్యానెల్ మీద పడుతుందండీ, తీసేయాలి” అన్నాడు. మా దాదా, అంటే నాన్న వాళ్ల నాన్న, ఏలూరు తివాచీలు నేసిన రోజుల్లో, రంగు వేసిన ఉన్ని దాని మీదే ఆరేసేవారు. చిన్నప్పుడు దాని కింద పరుగెడితే నా గౌను మీద ఎర్రచుక్కలు పడేవి.

“తీసెయ్యి బాబూ. ఆయనే లేరు, ఇంక ఉన్నెక్కడిది?” అంది దాదీ, మా నానమ్మ. చెయ్యి మాత్రం దండెం మీంచి తీయలేదు.

నాకు నిలకడ లేదనే అనుకోండి, మీరైతే ఏం చేసేవారు? నేను ఆ మూల ప్యానెల్ రద్దు చేయించాను. దండెం ఉంటుంది.