నరసమ్మత్త తిన్న చలిమిడి

కొత్త లంగా గుడ్డ మీద ఇస్త్రీ పెట్టగానే గంజి వాసన ఆవిరితో పాటు లేచి ముక్కుకు తగులుతుంది. కుట్టుపనిలో ఉన్నదాన్ని, రోజూ పీల్చే వాసనే. ఈ ఉదయం మాత్రం ఆ లంగా గిరాకీల కోసం కాదు, నాకోసం. పాతవన్నీ బొడ్డు దగ్గర బిగిసిపోతున్నాయి. నా గర్భసంచిలో గడ్డలు లేచాయి. ఫైబ్రాయిడ్లంటారు వాటిని. పెరిగి పెరిగి చీర కట్టినా దాగనంత అయ్యాయి. ముట్టు వచ్చిందంటే పోదు, పక్క మీద ప్లాస్టిక్ షీటు పరుచుకుని పడుకుంటున్నాను. ఒంట్లో రక్తం తగ్గి నాలుగు మెట్లెక్కితే ఆయాసం. సంచి తీయించుకోవడం ఒక దారి, ముట్లుడిగేదాకా మందులతో నెట్టుకురావడం ఇంకో దారి, తేల్చుకోవలసింది మీరేనంది డాక్టరమ్మ. తేల్చుకోలేక లంగా కుట్టుకుంటున్నాను. నడుం పట్టీ వదులుగా పెట్టి బొందు దూరుస్తుంటే నరసమ్మత్త గుర్తొచ్చింది. ఒకప్పుడు ఆమె కూడా ఇలాగే తన లంగాలు వదులు చేసుకుంటుంటే పక్క మిషను మీద కూర్చుని చూశాను.

నరసమ్మత్త నాకు చుట్టం కాదు. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టరుకు రెండిళ్ళవతల ఉండేది. ఆమె మొగుడు అప్పలస్వామి మావ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. వాళ్ళ ముందుగదిలో రెండు కుట్టుమిషన్లుండేవి. పెళ్ళయి ఆ వీధికి కాపురానికొచ్చిన నన్ను పిలిచి రెండోదాని ముందు కూర్చోబెట్టింది. పని నేర్పింది, జీతమూ ఇచ్చింది. నోరు మాత్రం పెద్దది. “ఏటే గుంటా, సంక కాడ ఆ కుట్టేటి? పట్టా తప్పిన బండిలాగ ఎటో పోతన్నాది!” అని వీధి చివరికి వినపడేలా అరిచేది. అరిచి, తనే విప్పి, తనే మళ్ళీ కుట్టి చూపించేది. పిల్లల్లేరు. ఆ మాట తను ఎత్తదు. ఇంకెవరైనా ఎత్తితే కత్తెర అందుకుని పనిలో పడిపోయేది.

అలాంటి నరసమ్మత్తకు నలభై దాటాక పొట్ట పెరగడం మొదలైంది. మనిషేమో పాలిపోయింది. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చనిదే ఉండలేకపోయేది. వీధి వీధంతా చూసింది. లేకలేక ఇన్నాళ్ళకు నరసమ్మ కడుపు పండిందని తీర్మానించేసింది. నేనూ అదే అనుకున్నాను. ఉండబట్టలేక, “అత్తా, నిజమేనా?” అనడిగాను. “ఏటి నిజం? ముందు సూదిలోకి దారం ఎక్కించు” అంది. సిగ్గు కాబోలనుకుని నవ్వుకున్నాను.

ఒకనాడు మధ్యాహ్నం వీధిలో ఆడవాళ్ళంతా కట్టగట్టుకుని వచ్చారు. కడుపుతో ఉన్న పిల్లకు పుట్టింటివాళ్ళు చలిమిడి చేసి పెట్టడం మన ఆచారం. తడిబియ్యం దంచిన పిండి, బెల్లం పాకం, కడుపు చల్లగా ఉండాలని. నరసమ్మత్తకు పుట్టింటివాళ్ళెవరూ మిగల్లేదు కనుక ఆ పని వీధే నెత్తినేసుకుంది. పెద్దావిడ బంగారమ్మ పళ్ళెం నిండా చలిమిడి పట్టుకొచ్చింది. ఇంకొకామె ఎర్రవీ పచ్చవీ గాజులు తెచ్చింది. ఎదురింటి బెంగాలీ దీదీ కూడా గిన్నెలో పాయసం పట్టుకుని నిలబడింది.

“లెగవే నరసమ్మా, ఇలాగొచ్చి కుర్సీలో కూకో” అంది బంగారమ్మ.

నరసమ్మత్త మిషను ఆపింది. అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది. “బంగారమ్మొదినా, ఇది బిడ్డ కాదు. గడ్డ. ఆసుపత్రిలో సెప్పినారు, సంచి తీసేయాలంట” అంది. తెలుగు తెలియని దీదీ ఏమైందేమైందని బెంగాలీలో అందరినీ అడుగుతోంది. “బాచ్చా నొయ్ దీదీ, టియుమర్” అని ఆమెకూ నరసమ్మత్తే చెప్పింది. నాకైతే భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

బంగారమ్మ పళ్ళేన్ని మెల్లగా కొంగుచాటుకు లాక్కుంటోంది.

“ఎక్కడికి పట్టుకుపోతన్నావొదినా? నాకోసం కాదేటి సేసినావు? ఇటు తే” అంటూ నరసమ్మత్త వచ్చి కుర్చీలో కూర్చుని రెండు చేతులూ చాపింది. “గాజులు తొడగండి. లోపలేటున్నాదో గాజులకేటి తెలుసు?”

తొడిగారు. ఇంకేం చేస్తారు? నరసమ్మత్త చలిమిడి ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి, “బెల్లం మరీ ఎక్కువేసేసినావొదినా” అంది. బంగారమ్మ ఫక్కున నవ్వింది, నవ్వుతూనే ఏడ్చేసింది. పాయసం అందరం పంచుకు తిన్నాం.

ఆ తర్వాత సలహాలు మొదలయ్యాయి. సొంతూళ్ళో ఉన్న నరసమ్మత్త అత్తగారు, తీయించొద్దు, సంచంటూ ఉంటే ఆశైనా ఉంటుందని కబురంపింది. ఇక్కడివాళ్ళేమో, పిల్లలెలాగూ లేరు, ఆ సంచి ఉంటేనేం, పోతేనేం అన్నారు. నరసమ్మత్తకు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. “ఒకలుంచమంతారు, ఒకలు తీసి పారేయమంతారు. నాది కాదేటే అది?” అంది నాతో. భయంగా లేదా అనడిగాను. “బయ్యమున్నాది. బయ్యమేసిందని రగతం ఆగుతాదేటి? తీయించేసుకుంతాను” అంది.

ఆపరేషనయ్యాక, తీసింది ట్రేలో పెట్టి ఇంటివాళ్ళకు చూపించడానికి నర్సు బయటికొచ్చింది. అప్పలస్వామి మావ ఒకసారి చూసి గోడవైపు తిరిగిపోయాడు. నేను చూశాను. ఇవన్నీ గడ్డలు, ఇదీ సంచి అని నర్సు వేలు పెట్టి చూపించింది. నరసమ్మత్తకు పూర్తిగా తెలివొచ్చాక మొదట అడిగింది అదే.

“నువ్వు సూసినావా? ఎలాగున్నాది?”

“గడ్డలే పెద్దవత్తా. సంచి చిన్నదే.”

“సిన్నదా?” అంది. ఆమె కళ్ళు నిండాయి. “పాపం, అంత సిన్నదా!” అని ఏడవడం మొదలుపెట్టింది. చలిమిడి రోజున కూడా తడవని కళ్ళు. మావ కంగారుపడి, “పీడ పోయింది కదే, ఇంకెందుకేడుస్తావు?” అన్నాడు. “నాది పోతే నాను కాక ఎవులేడుస్తారు? తీయించుకున్నదీ నానే, ఏడిసేదీ నానే. నువ్వు కూకో” అంది. తనివితీరా ఏడ్చింది. కొన్నాళ్ళకు మొహంలోకి రక్తమొచ్చింది. దారాల కోసం ఎక్కడో ఉన్న పూరీ గేట్ దాకా నడిచి వెళ్ళొచ్చేది. తీయించుకుని తప్పు చేశానని ఒక్కనాడూ అనలేదు.

మావ రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి సొంతూరు వెళ్ళిపోయారు. నరసమ్మత్త ఇప్పుడు లేదు. నాకిద్దరు పిల్లలు. అందుకని నా విషయంలో సలహాలన్నీ ఒకవైపే. “ఇద్దర్ని కనేసినావు, ఇంకా దాంతో పనేటొదినా?” అని మా ఆడపడుచు ఫోనులో అంటుంది. నిజమే, పని లేదు. మరి ఎందుకు తేల్చుకోలేకపోతున్నానని నామీద నాకే చిరాకుగా ఉండేది. లంగా కుట్టడం అయ్యేసరికి తెలిసింది. నాకు కత్తి అంటే భయం లేదు. ఏడవడానికి ఎవరూ చోటివ్వకపోవడమే నా బాధ. తీయించుకోవడం ఒకటి, దానికోసం ఏడవడం ఒకటి, రెండూ ఒకే మనిషి చేయొచ్చని నాకు చూపించింది నరసమ్మత్త ఒక్కతే.

సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి వచ్చాక చెప్పాను.

“తీయించేసుకుంటాను.”

“మంచిది. పీడ పోతాది” అన్నాడు.

“పీడ అనకు. మన పిల్లలిద్దరూ అందులో ఉన్నోళ్ళే. తీసినాక నాకు ఏడుపొస్తాది. ఎందుకని అడక్కు.”

టీ గ్లాసు తాగకుండానే కింద పెట్టాడు. “నానూ ఏడవొచ్చా?” అనడిగాడు.