రెండో ఎత్తుకే మంత్రి

నా చిన్నప్పుడు మార్కాపురం చెస్ పోటీలో నాకు ఎదురైన ప్లీడరు గారంత అల్పుడైన ఆటగాణ్ణి ఇన్నేళ్లలో మళ్ళీ చూడలేదు. అది పిల్లలూ పెద్దలూ కలిసి ఆడే ర్యాపిడ్ పోటీ. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు. త్రిపురాంతకం నుంచి నన్ను మా అత్త తీసుకెళ్ళింది. ఆవిడ మా నాయనకు చెల్లెలు, లెక్కల టీచరు. నాకు ఆట నేర్పింది ఆవిడే. ఆడపిల్లకు ఈ ఆటలేందని గొణిగిన నాయన, బహుమతి రాకపోతే ఇక బోర్డు ముట్టుకోకూడదన్న షరతు మీద పంపించాడు.

ఆఖరి ఆటలో నా ఎదుట ఆ కనిగిరి ప్లీడరు గారు. కుర్చీలో వెనక్కి వాలి, నన్ను కాకుండా చుట్టూ చేరినవాళ్ళను చూస్తూ నవ్వాడు.

"ఏంది పాపా, పాలు తాగి వచ్చినావా? తొందరగా కానీ, నాకు బస్సుంది."

రాజు ముందున్న బంటును జరిపాడు. నేనూ జరిపాను. రెండో ఎత్తుకే మంత్రిని బయటికి లాగి, బోర్డు పక్కనున్న ఆట గడియారం మీద ఠపీమని కొట్టాడు. ఆ వెంటనే శకటును తెచ్చి నా రాజు పక్క బంటుకు గురిపెట్టాడు. నాలుగు ఎత్తుల్లో ఆట కట్టించే చవకబారు ఎత్తుగడ అది. ఆట తెలియని పసివాళ్ళ మీద తప్ప ఎవరి మీదా పారదు. బోర్డు వైపైనా సరిగా చూడని ఆ మనిషంటే నాకు భయం పోయి రోత పుట్టింది.

అత్త నేర్పినట్టే ఆయన మంత్రిని బంటుతో తరిమాను. అది పరుగులు పెడుతుంటే నా గుర్రాలు రెండూ బయటికొచ్చాయి. ఆయన మిగతా బలగం కదలకుండా కూర్చుంది. చివరికి నా గుర్రం రాజుకు చెక్ చెప్పి ఏనుగును ఎత్తుకుపోయింది. అప్పుడు ముందుకు వంగాడు ప్లీడరు గారు. మెడ తుడుచుకుంటూ ఎంత ఆలోచించినా లాభం లేకపోయింది. ఓడినట్టు ఒప్పుకుంటూ తన రాజును పడగొట్టి లేచాడు.

"పిల్ల కదా అని వదిలేసినాలే" అన్నాడు, అందరికీ వినబడేలా.

గెలుపు చేతిలోంచి లాక్కున్నట్టై నాకు ఏడుపొచ్చింది. అత్త మాత్రం కుర్చీ జరుపుకొని కూర్చుని, పావుల్ని మళ్ళీ పేర్చింది.

"అట్లనా అన్నా? అయితే ఇంకొక ఆట ఆడండి. ఈసారి వదలొద్దు."

అందరూ ఆయన వైపే చూశారు. ఆయన చేతి గడియారం చూసుకుని, బస్సు పోతుందని గొణుగుతూ జారుకున్నాడు.

నాకు మూడో బహుమతి వచ్చింది. బస్సులో నేను ఎగిరెగిరి పడుతుంటే అత్త నన్ను కూర్చోబెట్టింది.

"మురిసింది చాల్లే. ఆయప్ప ఆడింది నీతో కాదు. తన మనసులో ఉన్న ఒక తెలివిలేని పిల్లతో ఆడినాడు. నువ్వు ఎవరితోనూ అట్ల ఆడొద్దు."

నాయన మళ్ళీ బోర్డు ఊసెత్తలేదు. ఆ ప్లీడరు గారి మీద ఈసడింపు నాకింకా తగ్గలేదు, తగ్గించుకోవాలనీ లేదు. కానీ ఇప్పటికీ, మనవరాలితో ఆడేటప్పుడైనా సరే, మొదటి బంటు ముట్టుకునే ముందు ఎదుట కూర్చున్న మనిషి ముఖం ఒకసారి నిదానంగా చూస్తాను.