మోకుతో దొరికిన కొలువు

మొన్న కండ్లకోయలో ఇంజనీరింగ్ చదివే మా తమ్ముడి కొడుకు ఫోన్ చూసుకుంటూ వచ్చి, "పెద్దనాయినా, గీ యాట్ పడవల మీద కొలువులకు గింత జీతమిస్తరా? నువ్వు గదే పని జేసినవంట గదా?" అని అడిగాడు. అంతే, తొంభైలలోని ఆ ఉదయం కళ్ల ముందు నిలిచింది. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

మీకూ గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మా గౌడవెల్లి కుర్రాళ్లకు మేడ్చల్ ఫ్యాక్టరీలో హెల్పర్ పని దొరకడమే గొప్ప. ఆ పనిలో ఉండగానే, బొంబాయిలో విదేశీ టూరిస్టులకు అద్దెకు తిప్పే తెరచాప యాట్‌లో మనుషులు కావాలన్న ప్రకటన పేపర్లో చూశాను. నెల జీతం, ఫ్యాక్టరీలో ఆరు నెలలు చేసినా రానిది. తిండీ బసా వాళ్లవే, టిప్పులు వేరే. ఇక నేను ఆగుతానా! తాటిచెట్లెక్కి కల్లు గీసే మా బాపు మాత్రం, "చెట్లెక్కెటోళ్లం, మనకు సముద్రంల ఏం పనిరా? కొలువు రాకుంటే మల్లొచ్చి నాతోని చెట్లెక్కాలె" అని షరతు పెట్టాడు. అలా అంటూనే, గొళ్లెం ఊడిన నా రేకు పెట్టెను, చెట్టెక్కేటప్పుడు నడుముకు చుట్టుకునే తన పాత మోకుతో తానే బిగించి కట్టాడు.

బొంబాయి రేవుకు వెళ్లి చూస్తే, వచ్చినవాళ్లంతా సముద్రం పక్కన పుట్టి పెరిగినవాళ్లే, నాకైతే ఈత కూడా శామీర్‌పేట చెరువులో నేర్చుకున్నదే. ఇక వెనక్కి పోవడమే అనుకుంటూ ఉండగా, తెరచాప తాడు దాన్ని నిలబెట్టే నిలువు కొయ్య కొసన చిక్కుకుందని, పైకి ఎవరెక్కుతారని కెప్టెన్ అడిగాడు. తలెత్తి చూశాను. మట్టలు లేవన్న మాటే గాని, అచ్చం తాటిచెట్టే! పెట్టెకున్న మోకు విప్పి కొయ్యకూ నడుముకూ చుట్టుకుని, జాగ్రత్త కోసం కెప్టెన్ కట్టించిన ఇంకో తాడుతో సహా చకచకా ఎక్కేశాను. చిక్కు తీశాక, బాపుతో చెట్లెక్కిన అలవాటు కొద్దీ చెయ్యి కల్లు పట్టే లొట్టి కోసం వెతికితే నాకే నవ్వొచ్చింది. ముందంతా నీళ్లే నీళ్లు, కింద చప్పట్లు, దిగేసరికి కొలువు నాదే! మొదటి జీతం ఇల్లు చేరిన రోజు, "మావోడు సముద్రంల చెట్టెక్కుతుండు" అని బాపు ఊరంతా చెప్పుకుని తిరిగాడట.

ఇదంతా విని మావాడు తనకూ చెట్టెక్కడం నేర్పమన్నాడు. నాకు వయసు సగానికి తగ్గినట్టయి, ఆ మోకే భుజాన వేసుకుని వాడితో బయలుదేరాను. బాపు గీసిన చెట్లున్న చోటల్లా ప్లాట్లూ ప్రహరీలూ వెలిశాయి. చివరికి ఒక వెంచర్ గేటు లోపల, అందానికని వదిలేసిన ఒకే ఒక్క తాటిచెట్టు కనిపించింది గాని, వాచ్‌మన్ మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. మా ఊళ్లో నేర్చిన విద్యను మావాడికి నేర్పాలంటే, ఇక సముద్రం దాకా పోవాలి కాబోలు.