సముద్రం మీద నీళ్లు దొరకని రోజు

సముద్రాన్ని చేసి, దానికి హద్దు పెట్టి, ఆ హద్దు లోపల మాలాంటి వాళ్లను కూడా ఓపికగా మోస్తున్న దేవునికి స్తోత్రం. పొద్దున లేపినందుకు, తిన్నది అరిగించినందుకు, చేసిన తప్పును మర్చిపోనివ్వనందుకు ఆయనకు స్తోత్రం. ఈ చివరి ఉపకారం వల్లనే ఇది రాస్తున్నాను.

చెన్నై రేవులో ఓడ ఎక్కిన మరుసటి రోజు సంగతి. చిత్తూరు నుంచి మేము ఇరవై రెండు మందిమి. లంక, మలేషియా, సింగపూరు చూసుకుని మళ్లీ చెన్నై చేరేసరికి పదహారు రోజులు. మా సంఘపెద్ద దీనికి సముద్ర ప్రార్థనా సహవాసం అని పేరు పెట్టాడు. ఆయనకు ట్రావెల్స్ ఉంది. వారమంతా తిరుపతి కొండకు యాత్రికులను చేర్చే బస్సుల మీద బతికి, ఆదివారం లోకం మీద ఆధారపడవద్దని ప్రసంగిస్తాడు. అపొస్తలులు కూడా ఓడల్లోనే తిరిగారని ఆయన చెబితే అందరం తలలూపి డబ్బు కట్టాం. వాళ్ల ఓడలో మూడు పూటలా ఐస్‌క్రీం ఉండేదా అని ఎవరమూ అడగలేదు.

ఆ రోజు నెలలో మొదటి ఆదివారం. అంటే ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షారసం తీసుకునేదాకా ఉపవాసం ఉండడం మా పద్ధతి. ఓడవాళ్లు మాకు సాయంత్రం ఆరింటికి గానీ హాలు ఇవ్వమన్నారు. పొద్దున ఎనిమిదికే ఉపవాసం మీద తీర్మానాలు మొదలయ్యాయి. పండ్లు లెక్కలోకి రావని ఒకరు. పెరుగు నమిలేది కాదు కదా అని ఇంకొకరు. తొమ్మిదికి సంఘపెద్ద గారు, ఓడ ఊగుడుకు ఖాళీ కడుపు మంచిది కాదని డాక్టరు చెప్పాడంటూ రెండు ఆమ్లెట్లు పెట్టించుకున్నాడు. ఆ డాక్టరు ఎవరో, ఎప్పుడు చెప్పాడో తెలియదు. మా గుంపులో నిజంగా ఏమీ తినకుండా కూర్చున్నది ఒక్క బావే. ఆ బల్ల దగ్గరికి రావడానికి అర్హత లేనిది కూడా ఆయనకొక్కడికే.

బావ అంటే మా అక్క భర్త. మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ప్రభువును నమ్ముకుని ముప్పై ఏళ్లు దాటినా బాప్తిస్మం తీసుకోలేదు. కారణం నీళ్లు. చిన్నప్పుడు దిగుడుబావి మెట్ల మీద జారి పడితే, ఎవరో జుట్టు పట్టుకుని పైకి లాగారట. అప్పటినుంచి చెంబుతో పోసుకునే నీళ్లు తప్ప ఇంకే నీళ్ల దగ్గరికీ పోడు. మా సంఘంలో బాప్తిస్మం లేనివాళ్లకు బల్లలో వంతు లేదు. నెలనెలా అక్క ముందుకు వెళ్లి రొట్టె తీసుకుంటుంది, బావ వెనక బెంచీలో తల వంచుకుని కూర్చుంటాడు. పాట పాడడంలో, చందా ఇవ్వడంలో, కుర్చీలు మోయడంలో మాత్రం ఆయన అందరికంటే ముందు. మోయనిచ్చేవాళ్లం.

ఇంకో చిక్కు ఉంది. పారే నీళ్లలో ముంచితేనే బాప్తిస్మమని మా సంఘం నియమం. మా జిల్లాలో ఏరు పారేది ఏడాదిలో కొన్ని వారాలు. బావకు ధైర్యం వచ్చినప్పుడు ఏట్లో ఇసుక, ఏరు పారినప్పుడు బావకు జ్వరం. ఇలా ఏళ్లు గడిచాయి.

ఆ ఉదయం బావ రెయిలింగు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఎటు చూసినా ఒడ్డు లేదు. నేను కాఫీ పట్టుకుని వెళితే, నా వైపు తిరక్కుండానే చెప్పాడు.

"రాత్రి ఇన్ని నీళ్ల మీద పండుకోని నిద్రపొయినా బామ్మర్దీ. గుర్రు పెట్టినానంట, మీ అక్క సెప్పింది. ఇంగ ఆ తొట్టికి బయపడేదేముండాది? ఈ పొద్దే మునుగుతా. సాయంత్రం బల్ల కాడికి వస్తా. రేపు అంటే మాత్రం నా వల్ల కాదప్పా, ఈ పొద్దే."

తొట్టి అంటే పై అంతస్తులో ఉన్న ఈతకొలను. లోతు నాలుగున్నర అడుగులు. అక్కకు చెప్పాను. ఆమె బావ తెల్ల బట్టలు వెతకడానికి కేబిన్‌లోకి పరుగెత్తింది. నేను సంఘపెద్ద దగ్గరికి వెళ్లాను.

ఆయన సంతోషించాడు. ఓడలో బాప్తిస్మం ఇచ్చిన సంఘపెద్ద మా జిల్లాలో ఇంకొకడు లేడని ఆయనకు వెంటనే తట్టింది, ఫోటో ఎవరు తీయాలో కూడా అప్పుడే చెప్పేశాడు. ఆ వెంటనే నియమం గుర్తొచ్చింది. కొలనులో ఉన్నవి నిలవ నీళ్లు కదా? చుట్టూ కనుచూపు మేర నీళ్లు, మధ్యలో మేము, చెల్లే నీళ్లు ఎక్కడ దొరుకుతాయా అని పది మంది పెద్దలం కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ఒక సోదరుడు బావను తాడు కట్టి సముద్రంలోకే దించుదామన్నాడు. ఆయన హాస్యానికి అనలేదు.

చివరికి కొలను దగ్గర కాపలా ఉండే మనిషిని అడిగాను. నడివయసు గోవా మనిషి, మెడలో సిలువ ఉంది. ఈ నీళ్లు సముద్రంలోంచే తోడుతామని, ఒక పక్క నుంచి వస్తూ ఇంకో పక్క నుంచి పోతూ ఉంటాయని చెప్పాడు. అయితే పారే నీళ్లే! సంఘపెద్ద స్తోత్రం అన్నాడు. విషయం తెలిసి ఆ గోవా మనిషి కూడా సంబరపడి, తనకు మూడు వారాల వయసులోనే నుదుటి మీద నీళ్లు పోసి బాప్తిస్మం ఇచ్చారని చెప్పాడు. మా పెద్దలంతా అతని వైపు, రైలు తప్పిపోయిన వాణ్ణి చూసినట్టు చూశారు.

తర్వాత బట్టలు. పంచె కట్టుకుని కొలనులో దిగకూడదట. నిక్కరుతో బాప్తిస్మమా అని పెద్దలు ఒక అరగంట బాధపడ్డారు. పొడుగు నిక్కరు, తెల్ల బనీను సరిపోతాయని అక్క తేల్చింది. గోవా మనిషి కూడా సరేనన్నాడు. అప్పటికి మధ్యాహ్నం రెండు. బావ నిక్కరు, బనీను వేసుకుని, భుజాన తువ్వాలుతో కొలను నిచ్చెన పక్కన నిలబడ్డాడు. పాపాలు ఒప్పుకున్నాడు, సంఘపెద్ద ప్రార్థన చేశాడు. చుట్టుపక్కల కుర్చీల్లో పడుకున్న వాళ్లు నల్లకళ్లద్దాలు ఎత్తి చూస్తున్నారు. బావ చేయి నిచ్చెన కమ్మీని వదలడం లేదు, కానీ వెనక్కి మాత్రం జరగలేదు.

ఇక దిగడమే. గోవా మనిషి పక్కనున్న షవర్ చూపించాడు. దిగే ముందు దాని కింద నిలబడి ఒళ్లు తడుపుకోవాలి, ఓడ నియమం.

ఇక్కడ నేను నోరు తెరిచాను. మా పక్క వీధి సంఘంవాళ్లు తల మీద నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇస్తారు. అది చెల్లదని మేము నలభై ఏళ్లుగా వాళ్లతో మాట్లాడ్డం కూడా తగ్గించాం. పాపాలు ఒప్పుకుని, ప్రార్థన అయిన మనిషి నెత్తిన పై నుంచి నీళ్లు పడితే అది చిలకరింపు కాదా అని అడిగాను. అయితే, ఆ తర్వాత ముంచడం రెండో బాప్తిస్మం కాదా అని కూడా అడిగాను. సండే స్కూల్లో ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి. ఇంత సూక్ష్మం ఇంకెవరికీ తట్టలేదని నాకు లోపల చక్కిలిగింత పెట్టినట్టయింది.

సంఘపెద్ద మొహం మారిపోయింది. కుర్చీలు మళ్లీ గుండ్రంగా పడ్డాయి. తల తప్ప మిగతా ఒళ్లు తడుపుకుంటే సరిపోతుందని ఒకరన్నారు. గొడుగు పట్టమని ఇంకొకరు. గొడుగు మీద పడిన నీళ్లు కారి భుజం మీద పడితే ఎలా అని నేనే ఖండించాను. ఊళ్లో ఉన్న పాస్టరు గారికి ఫోన్ చేయడం మేలని తేలింది. ఓడలో ఫోన్ కలవాలంటే కింద కౌంటర్లో వైఫై కొనాలి. సంఘపెద్ద వెళ్లి వరుసలో నిలబడ్డాడు.

ఈలోగా బావ రెండుసార్లు నా వైపు చూశాడు.

"మాట్లాడుకుంటా ఉండండప్పా, నేనీడే నిలబడుకోనుండా" అన్నాడు. కొంచెం ఆగి, "అయినా బిన్నా తేల్సండి, జాగు సెయ్యొద్దండి" అన్నాడు.

నేను లేఖనంలో నా ప్రశ్నకు తగిన వచనం వెతుకుతున్నాను.

నాలుగు దాటాక ఓడ బరువుగా ఊగడం మొదలైంది. కొలనులో నీళ్లు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కొట్టుకుంటున్నాయి. గోవా మనిషికి ఏదో కబురొచ్చింది. అందరినీ బయటికి రమ్మని, కొలను మీద వల పరిచి, నాలుగు మూలలా కొక్కేలు తగిలించాడు. సముద్రం కుదురుకునేదాకా ఇంతేనన్నాడు, క్షమించమని బావ చేయి పట్టుకున్నాడు. మాలో ఎవరమూ ఆ పని చేయలేదు.

బావ నిచ్చెన కమ్మీ మీంచి చేయి తీసేశాడు. "సరేలే. ఏరు పారినప్పుడు సూస్తాం" అని తువ్వాలు కప్పుకుని కిందికి వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాక సంఘపెద్ద వచ్చాడు. ఫోన్ కలిసిందట. షవర్ దుమ్ము కడుక్కోవడానికి, దాన్ని పట్టించుకోవద్దని పాస్టరు గారు ఒక్క మాటలో తేల్చేశారట.

అక్క అప్పటికీ అక్కడే ఉంది. నర్సుగా పనిచేసిన మనిషి, గొంతు పెంచదు.

"రేయ్, ముప్పై ఏండ్లు పట్టింది ఆయన ఆ నిచ్చెన కాడికి వచ్చేదానికి. నీకు రెండు గంటలు పట్టింది తిప్పి పంపేదానికి" అంది.

నేను నియమం గురించి ఏదో మొదలుపెట్టాను. ఆమె వినకుండా వెళ్లిపోయింది.

సాయంత్రం ఆరింటికి హాలులో చేరాం. రొట్టె ఓడ వంటింటిదే, ద్రాక్షారసం డబ్బాలోది. బావ చివరి వరుసలో కూర్చున్నాడు, పొద్దుటినుంచి ఏమీ తినలేదు. అందరం ముందుకు వెళ్లాం. అక్క లేవలేదు. సంఘపెద్ద రెండుసార్లు సైగ చేశాడు. ఆమె బావ పక్కకు జరిగి, ఆయన చేయి తీసుకుని తన ఒడిలో పెట్టుకుని అలాగే కూర్చుంది. నాకు తెలిసి ఆమె బల్ల మానడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఇప్పటివరకూ ఆమె తీసుకోలేదు.

నేను తీసుకున్నాను. రొట్టె నోట్లో చాలాసేపు నానింది.

సముద్రం తర్వాత కుదురుకుంది, వల తీసేశారు. మిగిలిన రోజుల్లో బావ పై అంతస్తుకే రాలేదు. నేను రెండుసార్లు పిలిచాను. ఈసారి నా దగ్గర ప్రశ్నలేమీ లేవని చెప్పాను. నవ్వి, మోకాలు నొప్పన్నాడు. ఊరికొచ్చి ఆరు నెలలైంది. ప్రతి మొదటి ఆదివారం చివరి బెంచీలో ఇద్దరూ కూర్చుంటున్నారు.

చదువుతున్న సోదరీ సోదరులారా, ఒక్క నిమిషం నాతో తల వంచండి. ప్రభువా, మా బావకు ఆ ఒక్క రోజు ఇచ్చిన ధైర్యం ఇంకొక్కసారి ఇవ్వు. అది ఇచ్చే రోజు నన్ను ఆ చుట్టుపక్కల ఉండనివ్వకు. ఉంటే నోరు లేకుండా ఉంచు. ఆమేన్ అనండి.